అంగీ తెమ్మన్న ఉత్తరం

నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో సంఘం గురువు, అంటే అయ్యగారు, ఒక ఊరి మనిషి కాదు. ఆదివారం పొద్దున ఒక ఊళ్లో, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో సంస్కారం ఇవ్వాలి. మిరపకాయ కోతలప్పుడైతే కూలీలు ఇల్లు చేరితేగానీ మూడో ఊళ్లో గుడి గంట మోగదు. ఆయన పైన బిషప్ గారు ఎక్కడో పట్నంలో ఉంటారు. అంత దూరం నుంచి పనికొచ్చే మాట చెప్పడానికి పనితనం కావాలి. అది పదవితో పాటు రాదు.

పౌలు తిమోతిని ఎఫెసులో, తీతును క్రేతు లంకలో ఉంచి రాసిన ఉత్తరాలు చూడండి. అవి పౌలు రాతే కాదని కొందరు పండితులంటారు. వాళ్ల తగువు వాళ్లది. ఊరూరా పెద్దల్ని ఎలాంటివాళ్లను పెట్టాలో చెబుతూనే, కడుపు నొప్పికి కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమంటాడు. త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తెమ్మంటాడు, చలికాలం రాకముందే రమ్మంటాడు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్దమీద ఫిర్యాదు వినొద్దన్న మాటైతే మన ఊళ్లను చూసి రాసినట్టే ఉంటుంది. సంఘంలో రెండు వర్గాలుంటే అయ్యగారి మీద చాడీ బిషప్ గారి ఫోనుకు చేరడానికి గంట పట్టదు.

ఈ నేలకు దూరపు కాపరులు కొత్త కాదు. నందిగామ తాలూకా రాఘవాపురం మనిషి పగోలు వెంకయ్య మిషనరీ డార్లింగ్ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్నది 1859లో. దొర బెజవాడలో ఉంటే, ఇక్కడ తనవాళ్లకు చెప్పుకొచ్చింది వెంకయ్యే.

తర్వాతి కాలంలో డోర్నకల్ బిషప్ అజరయ్య ఈ దూరాన్ని బాగా ఎరిగినవాడు. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న తమిళుడాయన. 1912 డిసెంబరు 29న అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడింబరోలో జరిగిన మిషనరీల సభలో వాళ్ల మొహం మీదే అడిగేశాడు: మీ త్యాగాలు సరే, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. అలా అడిగినవాడు తన కింది గురువులకు దొరలా ఉంటే ఎట్లా? ఎద్దుబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగాడు. గురువు కూర్చునే అరుగు చూసొచ్చినవాడి సలహాకు ఉండే బరువు సర్క్యులర్‌కు ఎక్కడిది?

ఇప్పుడు వాట్సాప్‌లో బిషప్ గారి లేఖ క్షణంలో వస్తుంది. చందా లెక్కలు, సభల తేదీలు ఉంటాయి. ఒంట్లో ఎలా ఉందన్న ముక్క మాత్రం వెతుక్కోవాలి.

అజరయ్య ఇంకో పని చేశాడు. గురువులతో పాటు వాళ్ల భార్యలకూ శిక్షణ ఇప్పించాడు. ఇవాళ్టికీ అయ్యగారు పక్క ఊరికి వెళితే సండేస్కూలు నడిపేదీ, జబ్బుపడ్డవాళ్లను పలకరించేదీ అమ్మగారే. పట్నం నుంచి వచ్చే లేఖల్లో ఆమె పేరు ఎప్పుడు మొదలవుతుందో చూడాలి.