కోషర్: మడియా, చెల్లుబాటా?

యూదుల ఆహారవిధిని తెలిగించు అనువాదకునకు 'కోషర్' అనగానే 'మడి' యను మాట నోటికి వచ్చును. నాకును వచ్చినది, వ్రాసి కొట్టివేసితిని. హీబ్రూలో ఆ మాటకు తగినది, చెల్లునది యని యర్థము. లేవీయకాండము 11వ అధ్యాయమున నీ మాటయే లేదు. అచ్చటివి శుద్ధాశుద్ధములను తెలుపు వేఱు మాటలు. భోజనమునకు 'కోషర్' అనుట తరువాతి ధర్మవేత్తల వాడుక. తోరా గ్రంథపుఁజుట్టలో నొక్క యక్షరము లోపించినను అది కోషర్ కాదు. దానిని మడి చెడిన దందుమా? చెల్ల దందుము.

గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున, 1980ల చివరినుండి యూదాచారమును చేపట్టిన బెనె ఎఫ్రాయిమ్ వారు కలరు. మాదిగ కుటుంబములవారు. వీరిని గూర్చి యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో గ్రంథము ప్రకటించిరి. ఏ గొడ్డుమాంసమును సాకుగా చూపి మడివారు వీరి పెద్దలను ఊరివెలుపల నుంచిరో, ఆ గొడ్డు డెక్కలు చీలి నెమరువేయు జంతువగుటచే యూదవిధికి సమ్మతము. విధిప్రకారము వధించి, ఉప్పువేసి నెత్తురు పోగొట్టవలెను, పాలతో కలుపరాదు. పంది యెన్నడును చెల్లదు. ద్రాక్షారసమున మాత్రము ముట్టినవారెవరను విచారము కలదు, నిజమే. మాంసమున మొదటి ప్రశ్న జంతు వేది, వధ యెట్టిది యనునదే.

'మడి' యని తెలిగించితిమా, వీరిని వెలివేసిన మాటతోనే వీరి విధిని చెప్పినవార మగుదుము. 'శుచి'యు నంతే. 'చెల్లునది' పండితులకు నాటుగా తోచవచ్చును. సంతలో నాణెమునకు వాడు మాట గదా. నేను దానినే యుంచితిని.