ఇంటిపట్టున ఉద్యోగము: కొలతలలోని మెలికలు

ఒకే గదిలో ప్రక్కప్రక్కన వ్రేలాడదీసిన రెండు ఉష్ణమాపకములలో ఒకటి 40 డిగ్రీలును, రెండవది 20 డిగ్రీలును చూపినచో, ఉపాధ్యాయుడు గదిలోని వేడిని గూర్చి వాదించుకొనుడని విద్యార్థులకు చెప్పడు. ముందు ఆ పరికరములను పరీక్షింపుడనును. ఇంటినుండి ఉద్యోగము చేయువారి పనిని గూర్చి 2020 మొదలుకొని సాగుచున్న వాదములో ఈపాటి జాగ్రత్తయు తరచుగా కనబడదు. 2022లో మైక్రోసాఫ్టు కంపెనీ 11 దేశములలో 20,000 మందిని ప్రశ్నించి ఒక నివేదికను ప్రకటించెను. ఉద్యోగులలో నూటికి 87 మంది తాము చక్కగా పనిచేయుచున్నామనిరి. పై అధికారులలో నూటికి 85 మంది, కొన్ని దినములు ఇంటను కొన్ని దినములు కార్యాలయమునను పనిచేయు పద్ధతి వచ్చిన తరువాత తమ క్రిందివారి పనిని నమ్ముట కష్టమైనదనిరి. ఈ రెండు అంకెలలో ఏది నిజమని అడుగుట వ్యర్థము. ఆ రెండింటిలో ఏ ఒక్కటియు పనిని కొలువలేదు. ఒకటి ఆత్మవిశ్వాసమును కొలిచినది. రెండవది అనుమానమును కొలిచినది.

ఉత్పాదకత యనునది ఒక భిన్నము. జరిగిన పని లవము. పట్టిన కాలము హారము. రెండు గంటలలో 10 లెక్కలు చేసిన విద్యార్థి, మూడు గంటలలో 12 లెక్కలు చేసినవానికంటె తక్కువ లెక్కలే చేసెను. అయినను అతని ఉత్పాదకత ఎక్కువ. ఇది తొమ్మిదవ తరగతి విద్యార్థికి తెలియని విషయము కాదు. కాని హారమునందు ఏ కాలమును వ్రాయవలెను, ఎవరి కాలమును వ్రాయవలెను అను ప్రశ్న వచ్చినపుడు పెద్ద పెద్ద పండితులును తడబడుచుందురు.

తెలుగునాట ఇంటిపట్టున పని క్రొత్తది కాదు. పోచంపల్లి, పుట్టపాక గ్రామములలో మగ్గము ఇంటిలోనే యుండును. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో స్త్రీలు ఇంటివద్దనే బీడీలు చుట్టుదురు. వేయి బీడీలకు ఇంత అని కూలి. వీరు ఇంట కూర్చుండి నిజముగా పనిచేయుచున్నారా యని ఎవరును సందేహింపరు. చీర కంటికి కనబడును. బీడీలు లెక్కకు వచ్చును. లవము ఇంత స్పష్టముగా నున్నందుననే హారమును ఎవరును పట్టించుకొనలేదు. పోచంపల్లి చీరకు రంగులద్దుటకు ముందు నూలును మేకుల చుట్టు అర్ధచంద్రాకారముగా ఆసు పోయవలెను. ఒక్క చీరకు చేయి వేలసార్లు అటునిటు ఆడవలెను; ఇది సాధారణముగా ఇంటి ఆడువారి పని. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి పడుచున్న భుజముల నొప్పిని చూచి 1999లో ఆసు యంత్రమును రూపొందించి దానికి ఆమె పేరు పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. చీరను నేసినది ఒక్క నేతగాడని లెక్క వ్రాసినచో, ఆ వేల కదలికలు ఏ హారములోను చేరవు. కంప్యూటరు ముందు కూర్చుండువారి విషయమునను ఇట్టి లోపమే మరల మరల ఎదురగును.

ఈ విషయమున జరిగిన పరిశోధనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది షాంఘైలోని సీట్రిప్ అను ప్రయాణ ఏర్పాట్ల కంపెనీలో 2010 డిసెంబరున మొదలై తొమ్మిది నెలలు సాగిన ప్రయోగము. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు దీనిని నడిపి 2015లో ఫలితములను ప్రకటించిరి. టెలిఫోనులో విమానపు టిక్కెట్లను, హోటలు గదులను ఏర్పాటు చేయు 996 మందిని, ఇంటినుండి పనిచేయుదురా యని అడుగగా 503 మంది చేయుదుమనిరి. వారిలో కనీసము ఆరు నెలల అనుభవము, ఇంట ఇంటర్నెట్టు సౌకర్యము, పనికి ప్రత్యేకముగా ఒక గది గలవారు 249 మంది తేలిరి. పుట్టిన తేదీ సరిసంఖ్య అయినవారిని వారమునకు నాలుగు దినములు ఇంటికి పంపిరి; బేసిసంఖ్య వారిని కార్యాలయముననే యుంచిరి. పుట్టిన తేదీకిని పనిలోని చురుకుదనమునకును సంబంధము లేదు కనుక ఈ రెండు వర్గములును సమానములే. వ్యవసాయ క్షేత్రములో రెండు మడులను ఒకే తీరుగా దున్ని, ఒకదానికే ఎరువు వేసి చూచుట వంటిదిది. ఈ పద్ధతియే ఆ పరిశోధన గొప్పతనము.

ఇంటినుండి చేసినవారి పని నూటికి 13 వంతులు పెరిగెను. బేసిసంఖ్య వారు తమకు అవకాశము రాలేదను నిరుత్సాహముతో మందగించుట వలన ఈ తేడా వచ్చినదేమోయని పరిశోధకులు తామే సందేహించి, నాన్‌టుంగ్ నగరములోని అదే కంపెనీ శాఖవారితో పోల్చి, అట్లు కాదని తేల్చుకొనిరి. ఇంతవరకు ప్రశంసింపదగినదే. అయితే ఆ 13ను విడదీసి చూడవలెను. అందులో 9 వంతులు, ఒక్కొక్క పాళీలో ఎక్కువ నిమిషములు పనిచేయుట వలన వచ్చినవి. విరామములు తగ్గెను, అనారోగ్యపు సెలవులు తగ్గెను. నిమిషమునకు ఎక్కువ పిలుపులు అందుకొనుట వలన వచ్చినది 4 వంతులు మాత్రమే. (1.09ని 1.04తో గుణించినచో 1.13 చిల్లర వచ్చునని విద్యార్థులు సరిచూచుకొనవచ్చును.) హారము పాళీ యైనచో ఉత్పాదకత 13 వంతులు పెరిగినది, హారము నిమిషమైనచో 4 వంతులే. జీతము పాళీకి ఇచ్చు యజమానికి మొదటి లెక్క న్యాయమే. కాని జ్వరముతో పడుకొనవలసినవాడు ఇంటనున్నాను గదా యని టెలిఫోను పట్టుకొనినచో, దానిని కౌశలములోని వృద్ధియని చెప్పుట ఎంతవరకు తగును? ఈ ప్రయోగమును ఉదాహరించువారిలో పలువురు 13ను పట్టుకొని 4ను విడిచిపెట్టుదురు.

విడిచిపెట్టునది అదొక్కటియే కాదు. సమానముగా పనిచేసినవారిలో ఇంటనున్నవారికి పదోన్నతి అవకాశము తగ్గెను. ఒంటరితనము దుర్భరముగా నున్నదని వారు ఫిర్యాదు చేసిరి. ప్రయోగము ముగిసిన తరువాత ఇష్టము వచ్చిన చోటు మరల ఎన్నుకొనుడనగా సగము కంటె ఎక్కువమంది తమ చోటు మార్చుకొనిరి. అంతట ఇంటి పని వలన లాభము నూటికి 22 వంతులకు చేరెను. తనకు ఇల్లు సరిపడునో లేదో తొమ్మిది నెలలు చూచినగాని మనిషికే తెలియదన్నమాట. పరిశోధకులలో ఒకడైన జేమ్స్ లియాంగ్ ఆ కంపెనీ స్థాపకులలో ఒకడను సంగతియు పాఠకుడు గుర్తుంచుకొనవలెను. అందువలననే ఇంత లోతైన వివరములు లభించినవనుటయు నిజమే. అన్నింటికంటె ముఖ్యమైన పరిమితి వేరు: ఆ పని ప్రక్కవానితో సంప్రదింపనక్కరలేనిది, ప్రతి పిలుపును యంత్రమే లెక్కించునది, తనకొక గది గలవాడు చేసినది. అట్టి పనిని చూచి అన్ని పనులకును తీర్పు చెప్పుట, ఇసుకనేలలో పండిన వేరుసెనగను చూచి రేగడినేలకు సలహా చెప్పుట వంటిది.

ఇందుకు ఎదురు సాక్ష్యము భారతదేశము నుండియే వచ్చినది. 2020 మార్చిలో లాక్‌డౌను ప్రకటింపబడినపుడు హైదరాబాదులోని మాధాపురము, గచ్చిబౌలి కార్యాలయములు ఖాళీయై, కంప్యూటర్లు ఇండ్లకు చేరెను. ఆ కాలమున ఒక భారతీయ సాంకేతిక కంపెనీలోని 10,000 మందికి పైగా ఉద్యోగుల వివరములను మైకేల్ గిబ్స్, ఫ్రెడరికె మెంగెల్, క్రిస్టోఫ్ సీమ్రోత్ పరిశీలించి 2023లో ప్రకటించిరి. పని గంటలు పెరిగెను; ఉత్పత్తి కొద్దిగా తగ్గెను; ఉత్పాదకత నూటికి 8 మొదలు 19 వంతుల వరకు పడిపోయెను. సోమరితనము దీనికి కారణము కాదు. వారు వెనుకటికంటె ఎక్కువ కాలమే పనిచేసిరి. ప్రక్క బల్లవద్ద రెండు మాటలలో తేలిపోవు సంగతికి సమావేశము పెట్టవలసి వచ్చెను. సమావేశములు పెరిగిన కొలదిని, అంతరాయము లేక పనిచేయు గంటలు తరిగిపోయెను. పై అధికారి ఒక్కొక్కరితో కూర్చుండి నేర్పుటయు తగ్గెను.

ఈ ఫలితమును కార్యాలయ పక్షమువారు ఆయుధముగా పట్టుకొనిరి. ఇక్కడను జాగ్రత్త కావలెను. సరి, బేసి తేదీల వలె వేరుచేసిన వర్గములు ఇందులో లేవు. అందరును ఒక్కమారే ఇంటికి పోయిరి. బడులు మూతపడినవి, పిల్లలు ఇంటనే యున్నారు, వీధిలో వ్యాధి యున్నది. ప్రయోగశాలకు నిప్పంటుకొన్న దినమున తీసిన కొలత, కొలతయే కావచ్చును గాని, దానిని సాధారణ దినములకు అన్వయించుట సాహసము. అదే సంవత్సరము సెప్టెంబరులో తెలంగాణ విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠములు ప్రసారమయ్యెను. ఆనాటి చదువును చూచి టెలివిజను బోధనను గూర్చి తుది తీర్పు చెప్పుటకు ఏ ఉపాధ్యాయుడును సాహసింపడు.

మామూలు దినములు తిరిగి వచ్చుచున్న వేళ బ్లూమ్ బృందము అదే కంపెనీలో మరియొక ప్రయోగము చేసి 2024లో నేచర్ పత్రికలో ప్రకటించెను. ఈసారి టెలిఫోను పనివారు కారు. ఇంజనీర్లు, గణకులు మొదలైన 1,612 మంది. బేసి తేదీలవారు బుధ, శుక్రవారములు ఇంటినుండి పనిచేయవచ్చును. ఉద్యోగము విడిచి పోవువారు మూడవ వంతు తగ్గిరి. రెండు సంవత్సరముల పాటు చూచినను పనిలోగాని పదోన్నతులలోగాని తేడా కనబడలేదు. ప్రయోగమునకు ముందు అధికారులు పని నూటికి 2.6 వంతులు తగ్గునని అంచనా వేసిరి. ముగిసిన తరువాత వారే 1 వంతు పెరుగునని అభిప్రాయపడిరి. వారమునకు రెండు దినముల పద్ధతి వలన హాని లేదనుటకు ఇంతకంటె గట్టి ఆధారము వేరొకటి లేదు. అయిదు దినముల పద్ధతికి ఇది ఆధారము కాదు.

ఇక పరిశోధనలన్నిటను హారమునుండి జారిపోయిన కాలమొకటి యున్నది: రాకపోకల కాలము. 27 దేశములలో జరిగిన ఒక పరిశీలనలో, ఇంటినుండి పనిచేయువానికి దినమునకు సగటున 72 నిమిషములు మిగులునని తేలినది. దీనిని లెక్కలో చేర్చి చూడవచ్చును. కార్యాలయమున 8 గంటలలో 100 పాళ్ల పని జరిగినదనుకొనుడు. రాకపోకలు చేర్చినచో హారము 9.2 గంటలు, గంటకు 10.87 పాళ్లు. ఇంట 8 గంటలలో పని 8 వంతులు తగ్గి 92 పాళ్లే జరిగినను, గంటకు 11.5 పాళ్లు. కార్యాలయమే మేలన్న ఫలితము తలక్రిందులైనది! ఇంటి పని సుమారు 13 వంతుల వరకు తగ్గినను ఈ లెక్కలో ఇల్లే నెగ్గును. యజమాని ఈ లెక్కను ఒప్పుకొనడు. బస్సులో గడచిన గంటకు ఆయన జీతమియ్యడు. మియాపూరు నుండి గచ్చిబౌలికి పోయి వచ్చువానికి మాత్రము ఆ గంట తన ఆయుర్దాయములోనిదే. ఉద్యోగియు అధికారియు ఒకే దినమును చూచి వేరువేరు జవాబులు చెప్పుట అబద్ధమాడుట కాదు. వారి హారములు వేరు.

చెన్నైలో జరిగిన ప్రయోగము అన్నింటికంటె ఆలోచింపజేయునది. డేవిడ్ ఆట్కిన్, ఆంటోనెట్ షోర్, సుమిత్ షిండే 2023లో ప్రకటించిన దీనిలో, కంప్యూటరులో వివరములు ఎక్కించు పనివారిని మొదట ఏ చోటు ఇష్టమో అడిగి, ఆ తరువాత ఇష్టముతో నిమిత్తము లేకుండ చీట్లపద్ధతిన ఇంటికో కార్యాలయమునకో పంపిరి. ఇంటివారి పని నూటికి 18 వంతులు తక్కువ. ఆ తేడాలో మూడింట రెండు పాళ్లు మొదటి దినముననే కనబడెను. మిగిలినది, కార్యాలయమువారు త్వరగా నేర్చుకొనుట వలన వచ్చినది. ఇంటిని కోరినవారు మొదటి పరీక్షలో తక్కినవారికంటె 12 వంతులు చురుకైనవారే. అయినను ఇంట వారి పని 27 వంతులు తగ్గెను. కార్యాలయమును కోరినవారికి ఇంట తగ్గినది 13 వంతులే.

ఎక్కువ నష్టపోవువారే ఇంటిని ఎందుకు కోరిరి? పిల్లలు గలవారు, ఇంటిలో ఒకరిని కనిపెట్టుకొని యుండవలసినవారు, పేద కుటుంబములవారు వారిలో ఎక్కువ. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో, ఇంటి చాకిరి చేయు స్త్రీలకు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులకు 97 నిమిషములు దానికే పోవుచున్నవని తేలినది. అట్టి స్త్రీ కంప్యూటరు ముందు కూర్చున్న గంటలో పొయ్యిమీది పాలు, ఏడ్చు బిడ్డ, తలుపు తట్టు మనిషి కూడ ఉన్నారు. ప్రయోగము ఆ గంటను పూర్తి గంటగానే లెక్కించెను. పైగా చీటీలో కార్యాలయమని వచ్చినచో వెళ్లగలవారే ఇట్టి ప్రయోగములలో పాల్గొనగలరు. గడప దాటుటకు వీలే లేని స్త్రీ ఆ పట్టికలలో ఎక్కడను లేదు. ఆమె విషయమున పోల్చవలసిన సంఖ్యలు నూరు, డెబ్బదిమూడు కావు, డెబ్బదిమూడు, సున్న.