గీత ఒకచోట, సూది మరోచోట

ముక్కు పక్క నుంచి నోటి మూల దాకా దిగిన గీతల్ని వేలితో చూపిస్తూ, "ఇవి పూడ్చండి డాక్టరు గారూ" అని నలభై అయిదేళ్ల ఆవిడ అడుగుతారు. చెయ్యి తిరిగిన వైద్యురాలు వెంటనే ఆ గీతల జోలికి పోరు. ఆవిణ్ణి పడుకోబెట్టరు కూడా. పడుకుంటే బుగ్గ చెవి వైపు జారి గీత సగం మాయమవుతుంది, అప్పుడు వేసే లెక్క తప్పుతుంది. అందుకని నిటారుగా కూర్చోబెడతారు. ఎదురుగా చూస్తారు, రెండు పక్కల నుంచీ చూస్తారు, నవ్వించి చూస్తారు, మాట్లాడించి చూస్తారు. తెల్ల పెన్సిల్‌తో గుర్తులు పెడతారు. తీరా మొదటి సూది దిగేది గీతలో కాదు. దానికి బెత్తెడు దూరంలో, చెంప ఎముక మీద, చెవి వైపు.

డెర్మల్ ఫిల్లర్ల పనితనమంతా ఆ దూరంలో ఉందని నా నమ్మకం. చర్మం కింద జెల్ ఎక్కించడం నేర్చుకుంటే వచ్చే పనే. ఈ ముఖానికి, ఈ వయసులో, లోపం ఎక్కడ మొదలై ఎక్కడ బయటపడిందో చదవగలగడం వేరే విద్య. పందిట్లో గుడ్డ జారితే జారిన చోట కుట్లు వేయరు, ఒరిగిన గుంజను సరిచేస్తారు. ముక్కు పక్క గీతకు చెంప ఎముక దగ్గర సూది వేయడంలోని తర్కం అదే.

ఈ చదువు వైద్యులకు ఎప్పటి నుంచో ఉన్నది కాదు. చాలాకాలం గీత కనిపిస్తే గీతను నింపడమే వైద్యం. 1893లో జర్మనీ సర్జన్ నాయ్‌బర్ చేతి కొవ్వు తీసి ముఖం మీది గుంట మచ్చల్లో పెట్టాడు. ఆ తర్వాత పారఫిన్ మైనం ఎక్కించారు, అది గడ్డలు కట్టి ఎందరి ముఖాలనో పాడుచేసింది. 1981లో అమెరికా ఆవుల నుంచి తీసిన కొల్లాజెన్‌ను అనుమతించింది. అది కొందరికి పడేది కాదు, ముందుగా చేతి మీద పరీక్ష చేసి వారాల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ఎక్కువగా వాడే హయలురోనిక్ యాసిడ్‌ను 1934లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని జిగురు నుంచి వేరు చేశారు. మన ఒంట్లోనూ అది ఉంది, డెబ్భై కిలోల మనిషిలో సుమారు 15 గ్రాములు. కాకపోతే ఒళ్లు దాన్ని ఎప్పటికప్పుడు కరిగించి మళ్లీ తయారుచేసుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే రెండు మూడు రోజులైనా నిలవదు. దాని పోగుల్ని రసాయనికంగా ఒకదానితో ఒకటి ముడివేసి గట్టి జెల్‌గా మార్చాక నెలల తరబడి నిలిచింది. ఆ తరహా జెల్‌కు అమెరికా అనుమతి 2003 డిసెంబరులో వచ్చింది.

సరుకు వచ్చింది. ముఖాన్ని చదివే తీరు మారడానికి మరి నాలుగేళ్లు పట్టింది. 2007లో డాలస్‌కు చెందిన రాడ్ రోరిచ్, జోయెల్ పెస్సా మృతదేహాల ముఖాల్లోకి రంగు ఎక్కించి అది ఎంతవరకు పాకుతుందో చూశారు. ముఖమంతా ఒకే కొవ్వు పొర అయితే రంగు ఎటుపడితే అటు పాకాలి. అలా జరగలేదు, గట్లు కట్టినట్టు ఆగిపోయింది. ముఖంలోని కొవ్వు అరలు అరలుగా ఉందనీ, ఆ అరలు ఒకేసారి, ఒకే తీరుగా వయసు మీరవనీ అప్పుడు స్పష్టమైంది. కంటి కింద లోతుగా ఉన్న అర ముందు చిక్కిపోతే, నోటి పక్కన ఉన్నది అలాగే ఉండిపోయి బరువుగా వేలాడుతుంది. నాకు ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ప్రయోగం కనిపించలేదు. సిరంజి, కాస్త రంగు, ఓపిక తప్ప వాళ్లకు పెద్ద సరంజామా అక్కర్లేకపోయింది. ముఖం ఎందుకు జారుతుందన్న పాత ప్రశ్నకు కొత్త జవాబు దొరికింది.

ఆ జవాబును చేతిపనిగా మార్చిన వాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు బ్రెజిల్ ప్లాస్టిక్ సర్జన్ మారిసియో డి మాయో. ముఖాన్ని చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి ఒక్కొక్కదానికీ అక్షరాలు, అంకె ఇచ్చాడు. చెంప మీద సీకే1, సీకే2, సీకే3 అలా. ఏ బిందువులో ఎంత లోతు, ఎంత జెల్, సూదా, లేక మొద్దు కొన ఉన్న సన్న గొట్టమైన కాన్యులానా అన్నది రాసిపెట్టాడు. నాకు నచ్చింది ఆ అంకెల కన్నా ఆయన అడగమన్న ప్రశ్న. ఏ గీత ఉందని కాకుండా, ఈ ముఖం ఎదుటివాళ్లకు ఏం చెబుతోందని చూడమన్నాడు. అలసటా, దిగులా, కోపమా? మన ఇళ్లలో ఇది కొత్త మాట కాదు. "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా, మొహం అలా పీక్కుపోయిందేంటి?" అని పెళ్లిలో పిన్నిగారు అడిగేది సరిగ్గా దాన్నే. హాయిగా నిద్రపోయి వచ్చిన మనిషికి ఆ ప్రశ్న పదేపదే ఎదురైతే బాధగానే ఉంటుంది. డి మాయో పద్ధతి ఒక ఫిల్లర్ తయారీ కంపెనీ శిక్షణల ద్వారా ప్రపంచమంతా పాకిందన్న సంగతి కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. అయినా ఆ ప్రశ్న విలువ తగ్గదు.

ఇక వయసు సంగతి. ఇరవైల్లో ఎముక నిండుగా ఉంటుంది, కొవ్వు ఉండాల్సిన చోట ఉంటుంది. అక్కడ నింపడానికి ఏమీ లేదు, ఉంటే గింటే పొందిక సరిచేయడమే. లోపలికి పోయిన గడ్డాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు తెస్తే ముక్కు పొడుగన్న ఫిర్యాదు దానంతటదే సర్దుకుంటుంది. మన దేశంలో చాలామందికి ఈ వయసులోనే కళ్ల కింద గుంటలు, నలుపు ఉంటాయి. పై దవడ ఎముక తీరు వల్ల వచ్చేవి కొన్ని, చర్మం రంగు వల్ల వచ్చేవి కొన్ని. మంచి వైద్యులు ఎదురుగా దీపం పెట్టి చూస్తారు, చర్మాన్ని మెల్లగా సాగదీసి చూస్తారు. వెలుగు పడగానే పోతే అది నీడ, జెల్‌తో తగ్గుతుంది. అలాగే ఉంటే అది రంగు, జెల్ ఎంత పోసినా పోదు. రెండు నిమిషాల ఈ పరీక్ష వేల రూపాయల వృథాను ఆపుతుంది. ఆ చోట చర్మం ఎంత పలచనంటే, జెల్ కాస్త పైపొరలో పడినా వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుంది. అందుకే అక్కడ మెత్తని జెల్ వాడతారు, ఎముకకు దగ్గరగా వేస్తారు, కావలసినదాని కన్నా తక్కువే వేసి రెండు మూడు వారాల తర్వాత రమ్మంటారు.

ముప్పై అయిదు దాటాక లోతు కొవ్వు అరలు చిక్కడం మొదలవుతుంది. రెప్పకూ బుగ్గకూ మధ్య గాడి పడుతుంది. మొదట చెప్పుకున్న ఆవిడది ఈ దశ. చెంప ఎముకను ఆనుకునేంత లోతుకు సూది దించి, గట్టి జెల్‌ను ఒక్కో బిందువులో 0.1 నుంచి 0.3 మిల్లీలీటర్ల దాకా వదులుతారు. సిరంజి మొత్తం ఒక్క మిల్లీలీటరు, టీ స్పూనులో అయిదో వంతు. ఒక చుక్క పెట్టి, వెనక్కి జరిగి చూసి, అద్దం ఇచ్చి, మళ్లీ ఇంకో చుక్క. ఈ ఆగడం నాకు ఎంతో నచ్చే విషయం. తొందరపడే చేతికి ఈ పని రాదు.

యాభై దాటితే కథ ఎముక దాకా వెళుతుంది. కంటి గుంట చుట్టూ ఎముక అరిగి వెడల్పవుతుంది, ముఖ్యంగా పైన ముక్కు వైపు, కింద చెవి వైపు. పై దవడ వెనక్కి జరుగుతుంది, ముక్కు కొన వాలుతుంది. పళ్లు పోయిన వాళ్లకు దవడ ఎత్తు కూడా తగ్గుతుంది. ఆ అరిగిన చోట్ల గట్టి జెల్ ఎముక మీద కూర్చోబెట్టడం పైకి కనిపించని పని. కణతలు పూడ్చేటప్పుడు కెనడా వైద్యుడు ఆర్థర్ స్విఫ్ట్ చెప్పిన కొలత చాలామంది వాడతారు. కనుబొమ చివర ఎముక గట్టు మొదలైన చోటు నుంచి ఒక సెంటీమీటరు పైకి, ఒక సెంటీమీటరు పక్కకి, ఎముక తగిలేదాకా. రక్తనాళాలు తప్పించుకుని వెళ్లే దారి అది. కణతలు నిండితే కనుబొమ కొస కొద్దిగా లేస్తుంది. కంటిని ముట్టుకోకుండానే కన్ను తేరుకున్నట్టు అనిపిస్తుంది.

డెబ్భై దగ్గర పడి, చర్మం బాగా సాగిపోతే జెల్ ఎత్తలేదు. ఎత్తాలని పోస్తూ పోతే ముఖం వెడల్పవుతుంది, బుగ్గలు ఉబ్బుతాయి, నవ్వితే కళ్లు పూడుకుపోతాయి. తెర మీద అలాంటి ముఖాలు మనం చూస్తూనే ఉన్నాం. "అమ్మా, ఇది సూదితో అయ్యేది కాదు, ఆపరేషన్ కావాలి, లేదా ఇలాగే బాగున్నారు" అని చెప్పే వైద్యులది గొప్ప పనితనమని నేనంటాను.

ముఖం ఆకారం లెక్క వేరు. గుండ్రటి ముఖానికి బుగ్గల పక్కన జెల్ పెడితే ఇంకా గుండ్రమవుతుంది. గడ్డాన్ని ముందుకూ కిందికీ కొద్దిగా తెచ్చి, బుగ్గ ముందు భాగంలో వెలుగు పడేలా చేస్తే నిడుపు వస్తుంది. నిడుపాటి ముఖానికి సరిగ్గా దానికి ఎదురు. గడ్డం జోలికి పోకూడదు, చెంప ఎముక పక్క నుంచి కాస్త వెడల్పు ఇవ్వాలి. నలుచదరపు దవడ ఉన్నవాళ్లు మెత్తదనం కోరితే దవడ మూలలు వదిలేసి గడ్డం మధ్యలో పనిచేస్తారు. ఎండిన ముఖానికి కణతలు, చెవి ముందు పల్లం నింపుతారు. మగవాళ్లకు గడ్డం మధ్యలో ఒక చుక్క కాకుండా అటూ ఇటూ రెండు పెట్టి వెడల్పు నిలబెడతారు, చెంప పైభాగాన్ని ఎత్తుగా తేరు, తెస్తే ఆడపోలిక వస్తుంది. స్విఫ్ట్ లాంటివాళ్లు 1.618 అనే నిష్పత్తిని కొలబద్దగా పెట్టుకుంటారు. నాకు ఆ కొలబద్ద మీద గురి తక్కువ. విజయనగరం ముఖానికీ, వరంగల్ ముఖానికీ, సియోల్ ముఖానికీ ఒకే అంకె అచ్చు వేస్తే అన్నీ ఒకే ముఖమవుతాయి. మనిషిలో వాళ్లమ్మ పోలిక మిగలాలి.

ఈ విద్య అందం కోసమే పుట్టిందనుకునేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 2004లో అమెరికా పాలీ లాక్టిక్ యాసిడ్ ఫిల్లర్‌ను అనుమతించింది హెచ్ఐవీ రోగుల కోసం. ఆనాటి మందుల్లో కొన్ని, ముఖ్యంగా స్టావుడిన్, బుగ్గల్లోని కొవ్వును కరిగించేవి. హెచ్ఐవీ మందులిచ్చే మన ప్రభుత్వ ఏఆర్టీ కేంద్రాల్లోనూ తొలి ఏళ్లలో స్టావుడిన్ ఇచ్చేవారు, తర్వాత ఆపేశారు. మందు ప్రాణం నిలిపింది, కానీ లోతుకు పోయిన బుగ్గలు దాచుకున్న జబ్బును నలుగురికీ చెప్పేశాయి. అలాంటి ముఖంలో కొన్ని నెలలపాటు కొద్దికొద్దిగా కండ తెప్పించిన వైద్యుల పనిని తలుచుకుంటే, ఫిల్లర్ అంటే డబ్బున్నవాళ్ల ముచ్చటని తీసిపారేయలేం.

ప్రమాదం సంగతి దాచకూడదు. జెల్ పొరపాటున ధమనిలోకి వెళితే దాని కింది చర్మానికి రక్తం అందదు. కనుబొమల మధ్య, ముక్కు మీద రక్తనాళాలు కంటి నాళాలతో కలిసి ఉంటాయి. అక్కడ పొరపాటు జరిగితే చూపు పోవచ్చు, పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు. జాగ్రత్త గల చెయ్యి సన్న సూదికి బదులు చాలాచోట్ల మొద్దు కొన ఉన్న కాన్యులా వాడుతుంది. దానివల్ల చర్మానికి తూట్లు తగ్గుతాయి, మన చాయ చర్మంలో తూటు పడ్డ చోట మచ్చ నిలిచే భయమూ తగ్గుతుంది. ప్రతి చుక్కా మెల్లగా వదులుతూ చర్మం రంగు గమనిస్తారు. గోధుమ, నలుపు చాయల్లో పాలిపోవడం అంత తొందరగా తెలియదు, కాబట్టి వేలితో నొక్కి వదిలి రక్తం ఎంతసేపట్లో తిరిగి వస్తుందో చూస్తారు. తేడా కనిపిస్తే హయలురోనిడేస్ అనే ఎంజైమ్ ఎక్కిస్తారు, అది జెల్‌ను కరిగిస్తుంది. హయలురోనిక్ యాసిడ్ జెల్‌కు ఉన్న పెద్ద సుగుణం ఇదే. కాల్షియం, పాలీ లాక్టిక్ యాసిడ్ ఫిల్లర్లను ఆ ఎంజైమ్ కరిగించలేదు.

ఇంగ్లండ్‌లో 2021 అక్టోబరు 1 నుంచి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అందం కోసం ఫిల్లర్లు వేయడం నేరం. మన ఊళ్లలో మాత్రం బ్యూటీ పార్లర్‌లోనూ సిరంజి పట్టుకునేవాళ్లు కనిపిస్తున్నారు. వేయించుకోవాలని మీకుంటే చర్మవైద్యుల దగ్గరికో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికో వెళ్లండి. జెల్ పెట్టె మీ ముందే విప్పమనండి, దాని మీది స్టిక్కరు మీ కాగితాల్లో అంటించమనండి. మీరు చూపించిన చోట కాకుండా వేరే చోట ఎందుకు వేస్తున్నారో అడగండి, చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి. హయలురోనిడేస్ సీసా చూపించమనండి. అది లేని గదిలో మాత్రం ముఖానికి సూది వేయించుకోకండి.