చిత్తకార్తె తర్వాత చలి

చిత్తకార్తె పేరెత్తితే ఊళ్లో అందరికీ కుక్కలే గుర్తొస్తాయి. అక్టోబరు రెండో వారంలో ఆ కార్తె వస్తుంది, వీధికుక్కలు ఎక్కువగా జతకట్టేది అప్పుడే. కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. లెక్క వేస్తే పిల్లలు పెట్టేది డిసెంబరు మధ్య నుంచి క్రిస్మస్ లోపు. ఆదిలాబాద్‌లో, లంబసింగిలో చలి ఎముకలు కొరికే నాళ్లు సరిగ్గా అవే.

పెద్ద కుక్క ఎలాగో నెట్టుకొస్తుంది. వణుకుతుంది, ముడుచుకుని తోకలో ముక్కు దాచుకుంటుంది, చలిమంట ఆరాక ఆ బూడిదలో పడుకుంటుంది. (నివురు కింద నిప్పుంటే ఒళ్లు కాలుతుంది. మంట దగ్గర్నుంచి లేచేవాళ్లు చెంబెడు నీళ్లు చల్లితే పోయేదేముంది?) పుట్టిన పిల్లకు మొదటి వారం వణకడం కూడా చేతకాదు. తల్లి పొట్ట, తోబుట్టువుల ఒళ్లు, అంతే దాని వెచ్చదనం. తల్లి తిండి వెతుక్కుంటూ వెళ్లిన వేళే గండం.

జాలిపడ్డవాళ్లు ముందుగా పరిచేది పాత దుప్పటి. మంచుకు అది తడిసి, తెల్లారేసరికి ఒట్టి నేలకన్నా చల్లబడుతుంది. గోనెసంచిదీ అదే తంతు. అలాస్కాలో ఏటా మార్చిలో జరిగే ఇడిటరాడ్ పందెంలో బండి లాగే కుక్కలకు మజిలీల్లో పరిచేది ఎండుగడ్డే. బోలు కాడల్లో గాలి నిలుస్తుంది, తడి కిందికి దిగిపోతుంది. కోతలైన ఊళ్లో వరిగడ్డికి కొదవా? పట్నంలో పండ్ల దుకాణంవాళ్లు పెట్టెల్లోంచి తీసి పారేసే గడ్డి చాలు.

ఆ గడ్డి పరిచే గూడుకు ఒక చెక్కపెట్టె, కింద నాలుగు ఇటుకలు, పైన ప్లాస్టిక్ పట్టా, ఈదురుగాలికి ఎదురుకాని ద్వారం. తల్లి దూరి పడుకునేంత ఉంటే సరి. పెద్దదైతే ఒంటివేడి నిలవదు.

చల్లబడి కదలని పిల్ల దొరికితే గబగబా పాలు పట్టకూడదు. ఆ స్థితిలో పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసా పక్కన పెట్టి, మెల్లగా వేడెక్కనిచ్చి, పశువైద్యుడికి చూపించడం మేలు.

ఇళ్లలో కుక్కల స్వెట్టర్ల ముచ్చట వేరు. హస్కీకి తొడిగితే అది దానికి శిక్షే. పొట్టి బొచ్చు డాబర్‌మన్‌కో, ముసలి కుక్కకో అయితే సరే, తడిస్తే వెంటనే విప్పాలి.

నెల దాటిన పిల్లలు వెచ్చదనం వెతుక్కుంటూ బండ్ల కింద చేరతాయి. చలి పోయేదాకా, పొద్దున కారు తీసేముందు ఒక్కసారి వంగి చూడండి.