కణుపు తెలిసిన చేతికే నల్లేరు

నల్లేరు కోతకు పెద్దమ్మ కత్తి పట్టేది కాదు. అరచేతులకు నువ్వులనూనె రాసుకుని, పెరటి వేపచెట్టు మీదికి ఎగబాకిన తీగను కిందికి లాగి, కొసనుంచి మూడో కణుపు దగ్గర బొటనవేలితో వంచేది. టప్పున విరిగితే పచ్చడికి. విరక్కుండా నార సాగితే ముదురు, దాని జోలికి పోయేది కాదు. చూస్తుండగానే ఒడి నిండేది. అరుగు మీద కూర్చుని ఒక్కో కాడనూ కణుపుల దగ్గర విడదీసి, నాలుగు అంచుల వెంట ఉన్న పీచును గోటితో అందుకుని, ఈ చివరనుంచి ఆ చివరకు ఒక్క లాగులో తీసేది. ఒక్క పీచూ మధ్యలో తెగేది కాదు. నంద్యాల వైపు పల్లెలో ఆ అరుగు పక్కనే కూర్చుని చూసిన ఈ వ్యాసకర్తకు, ఆ తర్వాత ఎంతమంది నల్లేరు ఒలవడం చూసినా అంత శుభ్రమైన పని మళ్లీ కనబడలేదు.

నల్లేరు మొండిది, ఎక్కడ పారేసినా బతుకుతుంది అని అందరూ అంటారు. నిజమే, బతుకుతుంది. కానీ బతకడం వేరు, ఏడాది పొడవునా లేత కాడలివ్వడం వేరు. మొదటిది మొక్క గుణం. రెండోది పెంచే చేతి గుణం. ఆ చేతులు ఇప్పుడు తగ్గిపోతున్నాయన్నదే బాధ.

చూడ్డానికి జెముడు జాతిదిలా ఉంటుంది గానీ ఇది ద్రాక్ష కుటుంబపు తీగ. నాలుగు పలకల కాడ, ఒక్కో పలకకూ రెక్కలాంటి అంచు, బెత్తెడు దూరానికో కణుపు. కణుపు దగ్గర ఒక పక్క ఒకే ఒక ఆకు, దానికి ఎదురుగా ఒక నులితీగ. ఆకు తొందరగా రాలిపోతుంది, దాని పని కూడా పచ్చని కాడే చేస్తుంది. 1767లో లిన్నేయస్ దీనికి సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్ అని పేరు పెట్టాడు. ఆ రెండో మాటకు నాలుగు పలకలదనే అర్థం. సంస్కృతంలో వజ్రవల్లి, అస్థిసంహారి. హిందీలో హడ్‌జోడ్, తమిళంలో పిరండై, కన్నడంలో మంగరవల్లి. ఆఫ్రికా నుంచి అరేబియా, భారతదేశం, శ్రీలంక మీదుగా ఆగ్నేయాసియా దాకా వేడి నేలల్లో ఇది కనిపిస్తుంది. కష్టం లేకుండా సాగిపోయే పనిని మనం 'నల్లేరు మీద బండి నడక' అంటాం. రసం నిండిన ఈ కాడలు పరుచుకున్న దారిలో చక్రానికి కుదుపు తెలియదని, అందుకే ఆ మాట పుట్టిందని పెద్దలు చెబుతారు.

కొత్తవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది గుర్తుపట్టడం. బొమ్మజెముడు కొమ్మ కూడా పలకలు పలకలుగానే ఉంటుంది. కానీ దానికి ముళ్లుంటాయి, గిల్లితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. నల్లేరుకు ముల్లు లేదు, పాలు లేవు. గిల్లితే నీళ్లలాంటి జిగురు రసమే వస్తుంది. నులితీగ కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

నాటు విద్య అంతా కణుపులోనే ఉంది. పచ్చడికి పనికిరాని ముదురు కాడే నాటడానికి మేలు. మూడు కణుపులున్న ముక్క తీసుకుని, కోసిన చోటు ఆరేదాకా మూడు నాలుగు రోజులు నీడలో పడేయాలి. పచ్చిగాయంతో మట్టిలో గుచ్చితే కుళ్లుతుంది. ఆరిన తర్వాత ఒక కణుపు మట్టిలో, రెండు పైన ఉండేలా నాటాలి. వేరు పుట్టేదీ కణుపు దగ్గరే, చిగురు పుట్టేదీ కణుపు దగ్గరే. ఆకులు రాలిన కాడకు పైకొస ఏదో కిందికొస ఏదో తెలియక తలకిందులుగా నాటేవాళ్లున్నారు. పెద్దమ్మ ఆ పొరపాటు జరగనిచ్చేది కాదు. తీగనుంచి విరిచిన క్షణమే కింది కొసకు తాంబూలపు డబ్బాలోని సున్నం బొట్టు పెట్టేది. పది ఇళ్లకు పది ముక్కలు పంచినా ప్రతిదానికీ ఆ తెల్లబొట్టు ఉండేది. అందుకున్నవాళ్లు అడగక్కర్లేదు, ఆమె చెప్పక్కర్లేదు.

అపార్ట్‌మెంట్ బాల్కనీకైతే అడుగు వెడల్పున్న మట్టికుండీ చాలు, అడుగున చిల్లు మాత్రం తప్పనిసరి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు. ఒట్టి నల్లరేగడి వద్దు, అది నీళ్లు పట్టి ఉంచుతుంది. రోజుకు కనీసం నాలుగు గంటల ఎండ తగలాలి. గదిలో పెంచాలనుకుంటే ఎండ పడే కిటికీ ఒక్కటే దాని చోటు. నీడలో కూడా పెరుగుతుంది కానీ కాడ సన్నబడి, కణుపుల మధ్య దూరం సాగి, పీలగా వేలాడుతుంది. అలాంటి కాడలో రుచి ఉండదు.

నీళ్ల దగ్గరే ఎక్కువమంది నల్లేరును చంపుతారు. ఎండలకు ఎండిపోయిన నల్లేరు అరుదు, ప్రేమతో రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోయినదే ఎక్కువ. మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతు దించి చూడాలి, పొడిగా ఉంటేనే పోయాలి. మొక్క తన కష్టం తానే చెబుతుంది. అంచులు లోపలికి ముడుచుకుని కాడ పలచబడితే దాహం. మొదలు దగ్గర పసుపు తిరిగి మెత్తబడితే నీళ్లెక్కువయ్యాయి. అలా మెత్తబడితే మొదలు కోసం ఆశపడకూడదు. పైనున్న గట్టి కాడను కణుపు దగ్గర విరిచి, ఆరబెట్టి, కొత్త మట్టిలో మళ్లీ నాటుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో కుండీని చూరు కిందికి జరపాలి.

పాకడానికి ఆసరా కూడా తెలిసి ఇవ్వాలి. నులితీగ చుట్టుకునేదే గానీ అంటుకునేది కాదు. నున్నటి గోడ మీద, లావుపాటి పైపు మీద దానికి పట్టు దొరకదు. జనపతాడో, సన్నటి తీగల వలో, కిటికీ గ్రిల్లో ఉంటే చాలు, రెండు మూడు చుట్లు తిరిగి స్ప్రింగులా బిగుసుకుంటుంది. ఇక అసలు కిటుకు కోతలో ఉంది. కొస విరిచినప్పుడల్లా కింది కణుపులనుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. వారం వారం విరిచే ఇంట్లో లేత కాడకు కరువుండదు. అలంకారంగా వదిలేసిన ఇంట్లో ఆరు నెలలకే తీగంతా నారగా మారుతుంది. పిండినల్లి పడితే వేపనూనె కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి కణుపు సందుల్లో తుడిస్తే పోతుంది.

ఈ తీగ గాలి పీల్చే తీరు కూడా వేరు. చాలా మొక్కలు పగటిపూట రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. నల్లేరు కాడ ఆ పని రాత్రి చేస్తుంది. చల్లని వేళ రంధ్రాలు తెరిచి, తీసుకున్న వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని ఆ నిల్వతో ఆహారం తయారుచేసుకుంటుంది. ఎండలో నీరు ఆవిరైపోకుండా కాపాడుకునే ఉపాయమిది. తెల్లవారుజామున కాడలో పులుపు ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. పొద్దున విరిచిన నల్లేరుకు చింతపండు తగ్గించాలని పెద్దమ్మ అనేది. ఆమె వృక్షశాస్త్రం చదవలేదు, నాలుకతో తెలుసుకుంది.

వంటలోనూ అంతే నేర్పు కావాలి. నల్లేరులో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. చేతికి దురద, గొంతులో గీర అందువల్లే. చేతులకు నూనె, వంటలో చింతపండు అందుకే. లేత కాడ చివరి రెండు మూడు కణుపుల మేరకే తీసుకుని, పీచు తీసి, గట్టిగా ఉండే కణుపు ముడిని గిల్లి పారేసి, మిగిలినదాన్ని చిన్న ముక్కలు చేస్తారు. మందపాటి మూకుట్లో నువ్వులనూనె పోసి సన్నసెగ మీద వేయిస్తారు. తొందర పనికిరాదు. పచ్చరంగు పోయి, ముక్క ముడుచుకుని, అంచులు ఎర్రబడాలి. పచ్చివాసన పోయి వేగిన వంకాయను గుర్తుచేసే కమ్మటి వాసన వచ్చేదాకా గరిటె తిప్పుతూనే ఉండాలి. ఇక్కడ ఐదు నిమిషాలు మిగుల్చుకున్నవాళ్లే తర్వాత గొంతు పట్టుకుంటారు.

ఎండుమిర్చి, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర విడిగా వేయించి, చివర్లో నువ్వులు చిటపటలాడించి, ముందు ఈ పొడిదినుసులు రోట్లో దంచి, తర్వాత చింతపండు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క, వెల్లుల్లి, ఆఖర్న నల్లేరు వేసి నూరాలి. మిక్సీలో వేస్తే అదంతా ఒకే ముద్దవుతుంది. రోట్లో నూరితే అక్కడక్కడ నల్లేరు పలుకు పంటికి తగులుతుంది. ఆ పలుకే పచ్చడికి ప్రాణం. జొన్నరొట్టెతో తిన్నా, వేడన్నంలో నెయ్యి వేసి కలుపుకున్నా దీనికి సాటి లేదు. తమిళనాట పిరండై తువైయల్‌ను శ్రాద్ధ భోజనంలో వడ్డిస్తారు, అప్పడాల పిండిలో పిరండై రసం కలుపుతారు. ఆ ఆనవాయితీకి నమస్కారం. కానీ రుచి మాటకొస్తే నువ్వులు పడ్డ మన రాయలసీమ రోటిపచ్చడిదే పైచేయి. ఈ పక్షపాతం దాచుకోవాల్సిన పని లేదు.

విరిగిన ఎముకలకు నల్లేరు వాడకం ఆయుర్వేదంలో పాతదే. 16వ శతాబ్దపు భావప్రకాశంలో అస్థిసంహారి ప్రస్తావన ఉంది. దాన్ని ప్రయోగశాలకు తెచ్చిన ఘనత బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎన్. ఉడుపది. ఆయన, జి.సి. ప్రసాద్ కలిసి విరిగిన ఎముక అతుక్కునే తీరును కాల్షియం-45 అనే రేడియోధార్మిక రూపంతో వెంబడించి, 1964లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఫలితాలు ప్రచురించారు. పల్లెటూరి దడి మీది తీగను అంత శ్రద్ధగా పరీక్షించిన ఆ ఇద్దరికీ నల్లేరు ప్రేమికులు రుణపడి ఉన్నారు. అలాగని ఎముక విరిగితే పచ్చడి తిని ఊరుకోకూడదు. ఆసుపత్రికి వెళ్లాలి, కట్టు కట్టించుకోవాలి. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు ఆక్సలేట్ సంగతి వైద్యుణ్ని అడగకుండా నల్లేరు జోలికి వెళ్లకూడదు.

ఆ పరిశోధన పేరు చెప్పి ఇప్పుడు జరుగుతున్న వ్యాపారం చూస్తే కడుపు మండుతుంది. 2006లో కామెరూన్‌లో జూలియస్ ఒబెన్ బృందం నల్లేరుతోపాటు వేరే దినుసులూ కలిసిన ఒక మందును ఊబకాయంపై పరీక్షించి పత్రం ప్రచురించింది. ఇవాళ చూస్తే కండలు పెంచేదీ ఇదే, బరువు తగ్గించేదీ ఇదే, మోకాళ్లు బాగుచేసేదీ ఇదేనంటూ డబ్బాల్లో గోధుమరంగు పొడి అమ్ముతున్నారు. ఆ పొడిలో లేత కాడ ఎంత, ముదురు నార ఎంత, కొన్నవాడికి తెలిసే దారి లేదు. సీసా పచ్చళ్లది మరో మోసం. పేరు నల్లేరుది, లోపల నిండా వేయించిన పప్పు, కారం. ఉన్న నాలుగు ముక్కలూ పీచు తీయనివి. ఆ పీచు నాలుక మీద తగిలిన కుర్రవాడు జన్మలో మళ్లీ నల్లేరు అడుగుతాడా?

అన్నిటికంటే బాధ కలిగించింది ఇంకొకటి. ఈ వ్యాసకర్త ఒక ఆన్‌లైన్ దుకాణంనుంచి 'నాటడానికి సిద్ధమైన నల్లేరు' తెప్పిస్తే, అందంగా చుట్టిన కాగితంలో రెండు కణుపుల నడిమి ముక్క ఒక్కటి వచ్చింది. అటు కణుపూ లేదు, ఇటు కణుపూ లేదు. మట్టిలో గుచ్చితే కొన్నాళ్లు పచ్చగానే నిలబడింది. రసం నిండిన కాడ కాబట్టి బతికున్నట్టే కనిపించింది. చిగురు మాత్రం ఎలా వస్తుంది? తీరా ఎండిపోయాక, తమకు చేయి అచ్చిరాదేమోనని ఎంతమంది కొత్తవాళ్లు మొక్కలే మానుకుని ఉంటారో! ఊళ్లలో పది ఇళ్లకు ఊరికే పంచిన తీగను, పుట్టే చోటు కోసేసి, డబ్బు తీసుకుని అమ్మడమా!

మరోవైపు అసలు తీగే పోతోంది. రోడ్ల వెడల్పులో దడులు పోయాయి, పొలం గట్ల మీద ముళ్లకంచెల బదులు సిమెంటు స్తంభాలు వచ్చాయి. బాల్కనీల్లో మనీప్లాంటుకు చోటుంది, నల్లేరుకు లేదు. పెద్దమ్మ వేపచెట్టు ఇప్పుడు లేదు. ఆమె చేతి తెల్లబొట్టుతో పక్కూళ్లకు వెళ్లిన తీగల్లో రెండు మాత్రం ఇంకా పాకుతున్నాయి.

కాబట్టి తొలకరికి ఊరెళ్తే గట్టు మీది నల్లేరును వేళ్లతో పీకకండి. అడిగి, మూడు కణుపుల ముదురు ముక్కలు నాలుగు విరుచుకోండి. రెండు మీకు, రెండు పక్కింటివాళ్లకు. పిల్లలకు కూడా చేతులకు నూనె రాసి, ఒక లేత కాడనిచ్చి పీచు తీయమనండి. మొదట్లో మధ్యలో తెగుతుంది, తెగనివ్వండి. ముక్కలు సంచిలో వేసుకునే ముందు కింది కొసకు సున్నం బొట్టు పెట్టడం మాత్రం మరవకండి.