గింజకు మట్టి తొడిగే చేతులు

వ్యవసాయ డిగ్రీ ఆఖరి ఏడాదిలో పిల్లలు కొన్నాళ్లు పల్లెల్లో ఉండి పని నేర్చుకుంటారు. ‘రావెప్’ అంటారు దాన్ని. ముగ్గుపిండితో ఊరి పటం గీయడం, రైతులతో మాట్లాడటం, రికార్డు రాయడం మామూలే. రికార్డుల సంగతి నన్నడక్కండి. నాకు ముచ్చటేసేది విత్తన గుళికలు కట్టే పని.

హనుమంతునిపాడులాంటి వర్షాధార మండలాల్లో ఈ పనికి విలువెక్కువ. తొలకరికి ముందే, పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ద్వారా బాగా ప్రచారమైంది. 2016లో మొదలైన ఆ కార్యక్రమాన్ని రైతు సాధికార సంస్థ నడిపిస్తోంది. ఉత్త గింజ చల్లితే చీమలూ పిట్టలూ మిగలనివ్వవు. అందుకే ఈ మట్టి తొడుగు.

కంది, సజ్జ, అలసంద, ఆముదం గింజల్ని పట్టా మీద పోసి విత్తనశుద్ధి ద్రావణమైన బీజామృతం చిలకరిస్తారు. జల్లించిన బంకమట్టి చల్లి, ఇద్దరు చెరో కొస పట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తారు. ఆపైన పేడతో చేసే ఎరువు ఘనజీవామృతం పొడి, బూడిద. తడి ఎక్కువైతే గింజలన్నీ ఒకే ముద్ద, తక్కువైతే మట్టి రాలిపోతుంది. ఆ తడి ఎంతో కొలతగిన్నె చెప్పదు, అరచేతికి తెలియాల్సిందే. కంది పైపొర పల్చన, ఎక్కువసేపు నానితే ఊడొస్తుంది. మొదటి పూట పిల్లలు ముద్దలే చేస్తారు. పక్కన కూర్చున్న అవ్వ చేటతో చెరిగి, విడివిడిగా రాల్చి చూపిస్తుంది. మార్కులు వేసే అధికారం ఆమెకుంటే బాగుండు.

తర్వాత నీడలో ఆరబోస్తారు. ఎండలో పెడితే పెంకు పగులుతుంది.