మూలం ఎవరి దగ్గరుంది?

తెలుగు వెబ్ పత్రికల గురించీ ఈ-పుస్తకాల గురించీ మనం చాలానే మాట్లాడుకుంటాం గానీ, ఒక ప్రశ్న మాత్రం పెద్దగా వినపడదు. మనం చదువుతున్న ఈ పాఠం దేన్నుంచి తయారైంది? రేపు ఇందులో ఒక తప్పు దిద్దాలంటే ఎక్కడ దిద్దాలి? కథ ఎలా ఉంది, కవిత్వం పలికిందా లేదా అన్న చర్చల ముందు ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. పగలు కోడ్ రాసి రాత్రి కథలు చదివే నాలాంటివాడికి మాత్రం విమర్శ ఇక్కడే మొదలవ్వాలనిపిస్తుంది. ఏ పాఠం మీద మాట్లాడుతున్నామో తెలియకపోతే, ఆ మాటకి నిలబడే చోటు ఉండదు.

వెబ్‌సైట్లు తయారుచేసే జెనరేటర్ల సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జెకిల్, హ్యూగో లాంటివి ఇవి. రాసేవాళ్ళు తమ వ్యాసాన్ని మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ ఫైల్‌లో రాస్తారు. పేజీ ఎలా కనపడాలో చెప్పడానికి టెంప్లేట్ విడిగా ఉంటుంది. జెనరేటర్ ఈ రెండింటినీ కలిపి హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళు తయారుచేసి ఇంకో ఫోల్డర్‌లో పెడుతుంది. హ్యూగోలో ఆ ఫోల్డర్ పేరు 'పబ్లిక్'. సర్వర్ మీదికి ఎక్కేదీ, పాఠకులకి కనపడేదీ ఆ రెండో ఫోల్డరే.

ఇక్కడ పాటించాల్సిన రూల్ ఒక్కటే. దిద్దాలంటే మూలంలో దిద్దు, పబ్లిక్‌లో చెయ్యి పెట్టకు. ఎవరో తొందరలో పబ్లిక్‌లోని పేజీ తెరిచి ఒక అచ్చుతప్పు సరిచేశారనుకోండి. ఆ పూటకి సైట్ బాగానే ఉంటుంది. మర్నాడు ఇంకొకరు మూలం నుంచి సైట్‌ని మళ్ళీ తయారుచేస్తారు. నిన్న దిద్దిన తప్పు నిక్షేపంగా తిరిగొస్తుంది. దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. హ్యూగో ఆ ఫోల్డర్‌ని ప్రతిసారీ తనంతట తాను ఖాళీ చెయ్యదు. ఉన్న ఫైళ్ళ మీద కొత్తవి రాస్తుంది గానీ, అక్కర్లేనివాటిని తీసెయ్యదు. మూలంలో మీరు తీసేసిన వ్యాసం పబ్లిక్‌లో అలాగే పడి ఉండొచ్చు. రచయిత వద్దనుకున్న కథ పాఠకుడికి ఇంకా కనపడుతూనే ఉంటుందన్నమాట.

మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల, సాగర్ రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలే. వెబ్ మీద పనిచేసే పిల్లలకి ఈ రూల్ త్వరగానే అలవాటవుతుంది. సాహిత్యంలోకి వచ్చేసరికి ఈ అలవాటు ఎవరికీ లేదు. తెలుగు పుస్తకం చాలాకాలం పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారైంది. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది. మన డీటీపీ సెంటర్లు మాత్రం ఏళ్ళ తరబడి వదల్లేదు. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరం నిజానికి తెలుగు అక్షరం కాదు. కంప్యూటర్ దృష్టిలో అది ఏదో ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. దాని మీద తెలుగు బొమ్మ తొడిగారంతే. ఫాంట్ ఉన్నంతసేపూ అది తెలుగు. ఫాంట్ తీస్తే పిచ్చిగీతలు.

మా ఊళ్ళోనే ఒక మిత్రుడి కవితల పుస్తకం సంగతి చెబుతాను. మొదటి ముద్రణ కాపీలు అయిపోయాయి. ఏడేళ్ళ తర్వాత రెండో ముద్రణ వేద్దామనుకున్నాడు. డీటీపీ చేసినాయన ఈలోపు కంప్యూటర్ మార్చాడు. పేజ్‌మేకర్ ఫైల్ లేదు, మిగిలింది ప్రెస్‌కి పంపిన పీడీఎఫ్ ఒక్కటే. అందులోంచి కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల గుట్ట వచ్చింది. కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులు చాలాచోట్ల ఎగిరిపోయాయి. ఇక లాభం లేదని అంతా మళ్ళీ టైప్ చేయించాడు. కొత్త ప్రూఫ్ చూస్తుంటే ఒక కవితలో ఒక పాదం దగ్గర ఆగిపోయాడు. తన నోట్‌బుక్‌లో ఒకలా ఉంది, పుస్తకంలో ఇంకోలా ఉంది. మూడో ప్రూఫ్‌లో ఎర్ర పెన్నుతో తానే మార్చాడా, అచ్చులో అలా పడిపోయిందా? ఆ ప్రూఫ్ కాగితాలూ లేవు. తన పద్యంలో ఒక పాదం తనదో కాదో తేల్చుకోలేని స్థితిలో పడ్డాడు.

ఇందులో డీటీపీ ఆయన్ని అనడానికేం లేదు. పేజీలు పెట్టి ప్రెస్‌కి పంపడం వరకే ఆయన పని. పేచీ ఈ పని పద్ధతిలోనే ఉంది. రచయిత రాతప్రతి ఇస్తాడు. మొదటి ప్రూఫ్ నుంచీ దిద్దుబాట్లన్నీ డీటీపీ ఫైల్‌లోనే జరుగుతాయి. వాటిలో ఏ ఒక్కటీ రాతప్రతికి తిరిగి రాదు. పుస్తకం బయటికొచ్చేసరికి రచయిత దగ్గరున్నది పాతబడిన ప్రతి, అసలు పాఠం ఉన్నది ఎవరిదో హార్డ్‌డిస్క్‌లో. ఇంజినీర్ల భాషలో చెప్పాలంటే మనం పుస్తకాలన్నీ పబ్లిక్ ఫోల్డర్‌లోనే ఎడిట్ చేస్తూ వచ్చాం.

ఇది కంప్యూటర్లతో వచ్చిన జబ్బు కాదు. వేమన సొంత చేత్తో రాసిన ప్రతి ఏదీ మనకి లేదు. ఉన్నవన్నీ ఒకరిని చూసి ఇంకొకరు రాసుకున్న ప్రతులే. రాసినవాళ్ళు తమకి నచ్చినట్టు దిద్దుకున్నారు, కలుపుకున్నారు, వదిలేశారు. బ్రౌన్ దొర ఆ ప్రతులు పోగేసి, పక్కపక్కన పెట్టి చూసి, 1829లో ఒకసారీ 1839లో మరోసారీ వేమన పద్యాల్ని ప్రచురించాడు. మూలం పోయాక మిగిలే పని అదే. ఎన్నో నకళ్ళలోంచి మూలం ఎలా ఉండి ఉంటుందో ఊహించాలి. పాఠ పరిష్కరణ అని మనం గౌరవంగా పిలిచే విద్య చాలావరకు ఈ లోటు పూడ్చుకోవడానికి పుట్టిందే. తాటాకుల కాలంలో అది తప్పలేదు. నిన్నగాక మొన్న అచ్చయిన కవితకి కూడా అదే గతి పట్టడం మాత్రం మన నిర్వాకం.

పద్ధతి తెలియక అనడానికి వీల్లేదు. తెలుగువాళ్ళు దీన్ని చాలా ముందే సరిగ్గా చేసి చూపించారు. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ 1990ల మొదట్లో ఒక లిప్యంతరీకరణ పద్ధతి తయారుచేశారు. మనం ఆర్‌టీఎస్ అంటున్నది దాన్నే. ఇంగ్లిష్ కీబోర్డు మీద చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. చూడ్డానికి ముచ్చటగా ఉండదు. కానీ దాచుకునే పాఠం ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే మామూలు అక్షరాల్లో ఉంటుంది. కంటికి కనపడే తెలుగుని దాన్నుంచి ప్రోగ్రామ్ తయారుచేస్తుంది. ఫాంట్లు మారినా, ప్రోగ్రాములు మారినా మూలం చెక్కుచెదరదు. యూనికోడ్ అందుబాటులోకి వచ్చాక ఆర్‌టీఎస్ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడం యంత్రం చేసే పనైపోయింది. వీవెన్ తయారుచేసిన లేఖినిలో మనం టైప్ చేసేదీ దాదాపు అదే పద్ధతిలో. అదే కాలంలో అను ఫాంట్లలో పడిన పుస్తకాల్ని మాత్రం ఇప్పటికీ ఒత్తు ఒత్తుకీ వెతుక్కుంటున్నాం. ఒక పాఠం బతకడానికీ చావడానికీ మధ్య తేడా కొన్నిసార్లు ఇంత చిన్న నిర్ణయంలో ఉంటుంది.

రెండో ఉదాహరణ తెలుగు వికీసోర్స్. సాహిత్య పాఠకులు దాన్ని ఉచిత పుస్తకాల అల్మరాగా చూస్తారు గానీ, దాని నిర్మాణం కొంచెం ఆగి చూడదగ్గది. స్కాన్ చేసిన పుస్తకంలో ఒక్కో పుటకీ ఒక్కో పేజీ ఉంటుంది. ఒకవైపు అచ్చు పుట బొమ్మ, ఇంకోవైపు టైప్ చేసిన పాఠం. ఎవరూ దిద్దనిది ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, రెండో మనిషి కూడా చూసి సరే అంటే ఆకుపచ్చ. మనం అధ్యాయంగా చదివే పేజీలో పాఠం అసలు ఉండదు. ఆ పుటల్ని అక్కడికి రప్పించి చూపిస్తుందంతే. అందుకే తప్పు దిద్దాలంటే పుట దగ్గరికే వెళ్ళాలి. అక్కడ దిద్దితే అధ్యాయంలో దానంతటదే మారుతుంది. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రలో ఉంటుంది. లోపం మనుషుల దగ్గర ఉంది. పనిచేసేవాళ్ళు తక్కువ, ఎరుపు దాటని పుటలు ఎక్కువ. అయినా పద్ధతి విషయంలో మన పేరున్న ప్రచురణకర్తలు కూడా నేర్చుకోవాల్సింది అక్కడ ఉంది.

ఇంతవరకూ ఇంజినీరుగా మాట్లాడాను. సాహిత్య పాఠకుడిగా మాత్రం ఆ రూల్‌లో సగాన్ని ఒప్పుకోలేను. కోడ్ ప్రపంచంలో తయారైన ఫైల్‌కి విలువ లేదు. మూలం ఉంటే చాలు, పబ్లిక్ ఫోల్డర్‌ని ఎప్పుడైనా చెరిపెయ్యొచ్చు. దాన్ని గిట్‌లో కూడా సాధారణంగా పెట్టరు. సాహిత్యంలో అచ్చయిన ప్రతిని అలా చెరిపెయ్యలేం. గురజాడ కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో వచ్చింది, బాగా మార్చి పెంచిన రెండోది 1909లో. ఈ రోజు మనం ఆడేదీ చదివేదీ రెండోదే. కొత్త మూలం వచ్చింది కదా అని పాతదాన్ని పారేసి ఉంటే, ఆ పన్నెండేళ్ళలో గురజాడ నాటకం ఎలా ఎదిగిందో చూపించే ఆధారం పోయేది. ఆయన్ని అర్థం చేసుకోవడంలో ఎంతో భాగం ఆ రెంటి మధ్య దూరంలోనే ఉంది.

మన వెబ్ పత్రికలు బలహీనపడుతున్నది ఇక్కడే అని నాకనిపిస్తుంది. వెబ్‌లో కథ పడుతుంది. పాఠకులు ముగింపు గురించి ఏదో అంటారు. వారం తిరక్కుండా రచయిత ముగింపు మార్చి పంపుతారు. సంపాదకులు మార్చేస్తారు. పైన తేదీ మారదు, కింద ఒక్క ముక్క ఉండదు. ముందు చదివి విమర్శ రాసినవాడు లేని వాక్యం మీద రాసినట్టు తేలతాడు. పత్రిక వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంటే పాత రూపం లోపల దాగే ఉంటుంది, కానీ అది సంపాదకులకే కనపడుతుంది. దిద్దుకునే హక్కు రచయితకి ఉంది, అందులో తగాదా లేదు. దిద్దిన సంగతి పాఠకుడికి చెప్పాలన్నదే నేనడిగేది.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రచయిత తన రచనని యూనికోడ్‌లో, సాదా ఫైల్‌గా తన దగ్గర ఉంచుకోవాలి. ప్రూఫ్‌లో ఏది మారినా ముందు ఆ ఫైల్‌లో మార్చాలి. పుస్తకం, వెబ్ పేజీ, ఈ-పుస్తకం దాన్నుంచే రావాలి. ప్రచురణకర్తతో మాట్లాడుకునేటప్పుడే, అచ్చుకి వెళ్ళిన చివరి పాఠం యూనికోడ్‌లో నాకివ్వాలని అడగాలి. కాపీలు ఎన్నిస్తారన్నదానికంటే ముందు అడగాల్సింది ఇదే. పత్రికలు మార్పు చేస్తే తేదీతో ఒక వాక్యం రాయాలి, పాత రూపాన్ని అడిగినవాళ్ళకి దొరికేలా ఉంచాలి. దిద్దుకోవడానికి మూలం కావాలి. ఫలానా రోజున లోకానికి ఏం చెప్పామన్నదానికి సాక్ష్యంగా అచ్చుప్రతి కావాలి. రెండూ దాచాలి, ఏది ఏదో తెలిసేలా దాచాలి.

పాఠకుడు చదివేది అచ్చయినదే కదా, మిగతాదంతా ఇంజినీర్ల చాదస్తం అనేవాళ్ళున్నారు. చెరువులో నీళ్ళున్నన్నాళ్ళూ పైనుంచి వచ్చే వాగు సంగతి ఎవరికీ పట్టదు. కుతుబ్‌షాహీల కాలపు పెద్ద చెరువు పక్కన బతికే మా ఊరివాళ్ళకి ఈ మాట ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. రెండో ముద్రణ వేసే రోజున, సమగ్ర సంపుటం తెచ్చే రోజున, రచయిత లేని రోజున ఈ చాదస్తమే పనికొస్తుంది. మన తరం రచయితల్లో చాలామందికి రాతప్రతులు ఉండవు. ఫోన్లో రాసి మెయిల్లో పంపేవాళ్ళమే అందరం. మన తర్వాత వచ్చే పరిష్కర్తకి పోల్చి చూసుకోవడానికి తాటాకులు కూడా దొరకవు.